ఎక్కడికండీ?

వాట్లు తర్వాత. ముందు ఎక్కడికో చెప్పండి
అంటాను. నవ్వుతారు,
బల్బుక్కూడా ఊరూ పేరూ కావాలా అని.

లేసు అల్లే సువార్తమ్మకి తెల్లదే ఇచ్చాను.
పసుపు వెలుగులో తెల్లదారం
కళ్లుగప్పి ముడి తప్పిస్తుంది.

కోడిపిల్లల గంపలోకి ఎల్‌ఈడీ అడిగాడు బుల్లియ్య.
వాటిక్కావాల్సింది వెలుగు కాదయ్యా, వేడి.
అటక మీంచి పాత అరవై దింపి,
దుమ్ము ఊది,
చెవి దగ్గర ఆడించి చూశాను. తీగ తెగలేదు.

నిన్న మాపటేళ లంకలోంచి
సరంగు మల్లాడి పోసియ్య వచ్చాడు, పంచె ఇంకా తడే.
రేవులో కట్టాలంట.
"ఏం చూడ్డానికి?"
"చూడ్డానిక్కాదండి. ఈ ఒడ్డుకి కనబడ్డానికి."

ముప్పయ్యేళ్లుగా నర్సాపురంలో కొట్టు నాది.
ఆ మాట ఎవరూ అన్లేదు.

మంచులో తెల్లది చెదిరిపోద్ది,
పసుపు పట్టుకెళ్లమన్నాను.
చిల్లర రెండుసార్లు లెక్కెట్టుకుని వెళ్లాడు.

రాత్రి షట్టరు దించి
ఇంటివైపు కాక గట్టువైపు నడిచాను.
వశిష్ఠ మీద, అవతల,
బెత్తెడు పసుపు గీత.
ఆరింది. వెలిగింది. మళ్లీ ఆరింది.

హోల్డరు వదులు.
రేపు తొలి పంటు మీద నేనే వెళ్లాలి.