నేల మీద తనిఖీ చేయలేదు

ఆక్స్‌నార్డ్‌లో, మా వీధి చివరి గరాజ్ సేల్‌లో
ఇస్త్రీపెట్టెకీ, మూతలేని కుక్కర్‌కీ మధ్య
ఎనిమిది మడతల పటం. రెండు డాలర్లు.
విప్పితే మడతల్లోంచి మట్టి రాలింది.

గోధుమరంగు గీతలు ఎత్తులు. నీలం నీళ్ళు.
ఇళ్ళు ఆవగింజంత నల్ల చుక్కలు,
ఒక్కోదాని చుట్టూ బోలెడంత తెల్లటి ఖాళీ.
ఖాళీ కాదమ్మా, అంది ఒఫీలియా,
అదంతా లీమా చిక్కుడు.
ఈ ఆకుపచ్చ చుక్కల బారు యూకలిప్టస్,
సముద్రపు గాలికి పూత రాలకుండా
యజమాని నాటించాడు,
నీళ్ళు మోసింది మా అమ్మ.

వాటన్నిటి మీదా, తర్వాతెప్పుడో,
నేరేడుపళ్ళు తిన్న నాలుకలా ఊదారంగు:
వంపు తిరిగిన వీధులు, ఎటూ పోని సందులు,
జెండాతో సహా ఒక బడి.
అంచున చీమల్లాంటి అక్షరాలు:
ఊదారంగులోవి విమానపు ఫొటోలు చూసి చేర్చినవి.
నేల మీద తనిఖీ చేయలేదు.

నేనుండేది అక్కడే.
పదకొండేళ్ళుగా పన్ను కడుతున్నాను,
కుండీలో కరివేపాకుని మూడు చలికాలాలు దాటించాను.
మా వంటిల్లు ఎక్కడా అని వెతికితే
పది అడుగుల గీత పక్కన,
ఒక నీలిగీత ఉన్నట్టుండి తెగిపోయిన చోట.

ఒఫీలియా గోరు కూడా అక్కడికే వచ్చి ఆగింది.
"ఇది కాలవ. చిక్కుడు గోతాలు
ఇందులోనే జాడించేవాళ్ళం.
పూడ్చిన రోజు మా నాన్న
లారీ వాణ్ణి ఒక్కటే అడిగాడు,
నీళ్ళకి చెప్పారా అని."

నీరు పల్లమెరుగు అంటారు మావాళ్ళు.
మొన్న జనవరి వానకి మా గరాజ్‌లోకి
ఒక పాయ, అద్దె బాకీ లేని మనిషిలా తాపీగా,
వాషింగ్ మెషిన్ పక్కనుంచి ఏటవాలుగా నడిచి
వెనక కంచె కింద నుంచి సముద్రం వైపు వెళ్ళిపోయింది.
ఇన్సూరెన్స్ మనిషి, పైపు పగిలింది అని రాశాడు.
నేనూ సంతకం పెట్టాను.

రెండు డాలర్లు తీసేసరికి
ఒఫీలియా ధర చీటీ పీకి
తన చొక్కా చేతికి అంటించుకుంది.
"ఇది అమ్మనులే.
కావాలంటే కుక్కర్ పట్టుకెళ్ళు."

ఇంటికొచ్చి గరాజ్ నేల మీద
ఎండిపోయిన మరక వెంట సుద్దముక్కతో గీత గీశాను.
తలుపు దగ్గర నుంచి కంచె దాకా.
తర్వాత చాలాసేపు, ఒక్కదాన్నే,
వాషింగ్ మెషిన్ని
ఆ గీతకి ఇవతలికి జరుపుతూ ఉన్నాను.