ఊపిరాడే బట్ట

జూన్ ఆఖర్ల సలాలా కొండల మీదికెళ్లి
దిగుతది ఖరీఫ్.
మన దిక్కు ఖరీఫంటే నాట్లు, యూరియా కోసం లైను.
ఇక్కడ ఖరీఫంటే
మూడు నెలల ముసురు, అంతే.

దుబాయి నుంచి, రియాద్ నుంచి
కార్లల్ల వస్తరు జనం, తడవడానికి.
పిల్లలు నాలుక చాపి చినుకు పట్టుకుంటరు.
వాళ్ల నడుమ నుంచి నేను సైకిల్ తొక్కుత,
సాదా నుంచి హాఫా దాకా ఏడు కిలోమీటర్లు,
తడవకుండా పోవాలని.

నా పని తెల్లబట్టతోని.
దిష్‌దాషాలు కుడుత.
మెడ కాడి కుచ్చు నుంచి మడిమ దాకా తెలుపే.
మోచేతి మీదికెళ్లి ఒక్క బొట్టు జారినా
ఉస్తాద్ ఫజలుర్రహ్మాన్ తిట్టడు,
కాయితం మీద గీత గీస్తడు.
నెలాఖర్ల ఆ గీతలు రియాళ్లయితయి.

పోయినేడు పసుపు ప్లాస్టిక్ కోటు తొడిగిన.
రియాలున్నర.
వాన ఒక్క చుక్క లోపలికి రాలే.
లోపలిది ఒక్క చుక్క బయటికి పోలే.
నా చెమట, నా ఆవిరి, పొద్దుగాల తాగిన చాయ్
అన్నీ మళ్లా నా మీదనే కురిసినయి.
దుకాణం ముందు జిప్పు గుంజితే
ఇడ్లీగిన్నె మూత తీసినట్టు పొగలు.
ఆ నెల పదకొండు గీతలు.

ఈసారి జీతం పడ్డనాడే పెద్ద షాపుకు పోయిన.
షినోజ్ అని మలయాళీ పిల్లగాడు,
"ఇది ఊపిరి తీసుకునే బట్ట అన్నా" అన్నడు.
సిరిసిల్లల పన్నెండేండ్లు సాంచాలు నడిపినోణ్ని,
బట్ట సంగతి నాకు చెప్తున్నవా
అనలే.
లోపలి దిక్కు పెదవులకు అదిమి ఊదిన,
అవతల అరచెయ్యి పెట్టిన.
గాలి తగల్లే.
ఇంకింత సేపు ఊదిన.
అప్పుడు చేతికి తెలిసీ తెలవని వెచ్చదనం.
గాలిని ఆపుతున్నది, ఆవిరిని పోనిస్తున్నది.
ఎవరు నేసిండ్రో గాని, తెలివిగల్ల చెయ్యి.

కుట్ల మీద టేపు వేసి ఉంది.
చంకల కింద జిప్పులు.
ముందుకు వంగి తొక్కేటోని నడుం కప్పేటట్టు
వెనుక జానెడు పొడుగు.
తల తిప్పితే టోపీ కూడ తిరుగుతది,
వెనుక లారీ కనబడ్తది.
ఇరవై రెండు రియాళ్లు.
మడతలు సాపు చేసి
మళ్లీ హ్యాంగర్‌కు తగిలించిన.
షినోజ్ ఏమనలే. వానికి కూడ జీతమెంతో నాకు తెలుసు.

రెండు పసుపు కోట్లే కొన్న.

రాత్రి రూముల పని మొదలుపెట్టిన.
ప్లాస్టిక్‌కు సూది పనికిరాదు,
కుట్టుకొక్క బొక్క, పోస్టు స్టాంపు లెక్క చినుగుతది.
పాత పేపరు అడ్డం పెట్టి
ఇస్త్రీపెట్టెతోని అంచులు అతికిచ్చిన.
చంకల్ల కోసి దోమతెర ముక్కలు పెట్టిన.
వీపు మీద గూనపెంకులు పేర్చినట్టు
ఒకదాని మీదొకటి మూడు పొరలు.
వాన కిందికి జారాలె,
ఆవిరి సందుల నుంచి ఎక్కాలె.
పై మంచం మీదికెళ్లి బంగ్లా మొఫజ్జల్ తొంగి చూసి
"కోటా, కోళ్లగూడా?" అన్నడు.

తెల్లారి మంచు.
సైకిల్ లైటు మూరెడు దూరం పోయి ఆగిపోతున్నది.
రోడ్డు నడుమ ఒంటె.
ఒంటి మీద ఏ కోటు లేదు,
నన్ను పైకెళ్లి కిందికి చూసి
కదల్నే లేదు.
నేనే దిగి, పక్కకెళ్లి నడిపించుకొని పోయిన.
మళ్లీ ఎక్కి తొక్కుతుంటే
వీపు మీది పెంకుల సందుల్ల దూరింది గాలి,
సాంచా పట్టా పక్కన నిలబడితే తగిలే గాలి,
సన్నగ, ఆగకుండ.

దుకాణంల చేతులు తుడుచుకోవాల్సిన పని పడలే.
ఉస్తాద్ కాలరు ముట్టి చూసిండు,
కాయితం దిక్కు పోలే.

ఎడమ చంకల మాత్రం చెంచెడు నీళ్లున్నయి.
ఇస్త్రీ అక్కడ సరిగ పట్టలే.
రాత్రికి విప్పాలె.
మొఫజ్జల్ కూడ ఒక కోటు కొనుక్కొచ్చి
నా మంచం మీద పెట్టి డ్యూటీకి పోయిండు.