అక్షరం పొల్లుపోకుండా

సారెమా దీవి పడమటి కొసన
అక్టోబరు గాలి కిటికీ రెక్కను తడుతూనే ఉంది.
హీటరు మీద ఆరేసిన చేతి తొడుగులు,
సగం కొరికిన రై రొట్టె,
నల్లటి తెర మీద మిణుకుమనే ఒక గీత.
నా పని చిన్నదే:
హెయినో వాహెర్ ముప్పై ఎనిమిదేళ్ళు
కాళ్ళకు కడియాలు వేసి వదిలిన పిట్టలన్నిటినీ
పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి మార్చడం.

పాత ఇల్లు ఎక్స్‌ఎమ్ఎల్, కోణాల గోడలది.
తెరిచిన ప్రతి తలుపునూ పేరు పెట్టి మూయాలి:
పిట్ట, పిట్ట అయిపోయింది. రెక్క, రెక్క అయిపోయింది.
అరవై దాటాక ఈ రాత నేర్చుకుని
నోటు పుస్తకాలన్నీ ఆయనే ఎక్కించాడు.

నాకు ఒక్క వరుస ఆజ్ఞ చాలు.
దేన్నుంచి, దేనిలోకి,
మధ్యలో నిలువు గీత, చివర బాణం మొన.
మానికతో కొలిచినా తవ్వతో కొలిచినా
గింజలు అవే కదా అనుకున్నాను.

మొదట కామాల పట్టికగా మార్చి చూశాను.
మా దేశంలో దశాంశానికి చుక్క పెట్టం, కామా పెడతాం.
అయిదు కామా నాలుగు గ్రాముల పిట్ట
(తలమీద పసుపు గీత, ఇక్కడ దాన్ని బొటనవేలి కుర్రాడంటారు)
నిలువునా చీలింది.
బరువు గదిలో అయిదు మిగిలింది,
నాలుగు పక్క గదిలోకి దొర్లి కొవ్వు కొలత అయింది.
అంత చిన్నదాన్ని కూడా పంచుకోవాలా?

తర్వాత యామల్.
నార్వేకి రెండక్షరాల గుర్తు: ఎన్, ఓ.
అది చూసి యంత్రం
ఎవరో ఏదో అడిగితే కాదన్నారనుకుంది.
బెర్గెన్ దగ్గర కడియం వేయించుకుని
సముద్రం దాటొచ్చిన నూట పన్నెండు పిట్టలకు
దేశం: అసత్యం.
నవ్వొచ్చింది.
మా అమ్మమ్మ పుట్టిన దేశానికీ
యాభై ఏళ్ళు కాగితాల మీద అదే జవాబని గుర్తొచ్చి
ఆగిపోయింది.

కొటేషన్లు తొడిగాను. సున్నాలు కాపాడాను.
00417ని 417 అనకూడదు;
ముందున్న సున్నాకు విలువ లేదని బడిలో చెప్పింది
పిట్ట కాలి దగ్గర చెల్లదు.

చివరికి జేసన్, మీసాల బ్రాకెట్లది. తాలిన్ వాళ్ళకు కావలసింది అదే.
రాత్రి ఒంటిగంట.
తప్పులు: సున్నా. హెచ్చరికలు: సున్నా.
పడుకోవాల్సింది.
అలవాటు కొద్దీ కొత్తదాన్ని మళ్ళీ పాతదిగా మార్చి
రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడా అడిగాను.
ఎర్రటి వరుసలు. తెర నిండి, జారి, మళ్ళీ నిండి.

కోణం, ఆశ్చర్యార్థకం, రెండు గీతలు:
ఆ గుర్తు పెట్టి రాసింది యంత్రం పట్టించుకోదు.
జేసన్‌లో అలాంటి చోటే లేదు.
హెయినో నాలుగు వందల చోట్ల రాశాడు.

"వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎడమచేత్తో రాస్తున్నా."
"ఇది నిన్నటిదే. మళ్ళీ నా వలలోకే వచ్చింది, సిగ్గులేదు."
"సరిహద్దు సైనికుడొచ్చి పర్మిట్ అడిగాడు.
చూపించి, పిట్టను చేతికిచ్చాను.
వదలడానికి చాలాసేపు పట్టింది అతనికి."
ఒకచోట రెండే మాటలు: "హెల్యు లేదు."
ఆ రోజు లెక్కలో పిట్టలు ముప్పై ఒకటి.

ఖాళీ వేరు, సున్నా వేరు, లేదు వేరు.
సాయంత్రం నుంచీ యంత్రానికి నేను నేర్పుతున్నది ఇదే.

పొద్దున్నే కురెస్సారెకి ఫోన్ చేశాను.
"వాటికి ఒక గది కడతాను, గమనిక అని పేరు పెట్టి."
ఎనభై మూడేళ్ళ గొంతు కాసేపు దగ్గింది.
"యంత్రం చదవకూడదనే కదా అలా రాశాను."
"మరి నేను?"
"నువ్వు చదివేశావుగా."

తాలిన్‌కి జేసన్ వెళ్ళింది, నిర్దోషంగా.
ఆ నాలుగు వందల మాటల్ని
ఇంకో నిలువు గీత గుండా పంపి
ఒట్టి ఫైల్లో పోశాను.
కోణాల్లేవు, మీసాల్లేవు,
పేరు చివర చుక్క కూడా లేదు.

బయట వల ఊగుతోంది. ఒకటి పడింది.
అయిదు కామా రెండు.
కామాతోనే రాసుకున్నాను.