బుగ్గయ్య చేతికింద నీళ్లు

నల్లగొండ పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
ఎక్స్‌రే గది పక్కన వాడకుండా పడున్న స్టోరులో
నాకో బల్ల ఇచ్చారు, ల్యాప్‌టాప్ పట్టేంత.
ఎదురుగా బుగ్గయ్య.
చందంపేట అవతలి తండాల దాకా
బోరు పాయింట్లు చూసిన మనిషి.
అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడిస్తే
నీళ్లున్నకాడ అది లేచి నిలబడేదట.
"ఇప్పుడు యాడ నిలబడ్డా లేస్తదమ్మా,
గీ ఆసుపత్రి మెట్ల మీద గూడ" అని
వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నవ్వాడు.

తెర మీద రెండేసి గుర్తులు.
ఏ భాషవీ కావు, ఏ దేవుడివీ కావు.
ఒకదాన్ని ముట్టుకుంటే 'సరే' అంటుంది, లేదా 'తప్పు'.
మంచి గుర్తు కూడా పదిసార్లలో రెండుసార్లు మోసం చేస్తుంది,
చెడ్డది రెండుసార్లు కరుణిస్తుంది.
ఆ సంగతి చెప్పకూడదు. చెప్పలేదు.
పది ఆటలు కాకముందే ఆయనే అన్నాడు:
"గిది అచ్చం మా రాతినేల లెక్కనే ఉంది."

రాత్రి నుంచి మాత్ర ఆపి పొద్దున ఒకసారి ఆడించాను.
మాత్ర వేసి, మణెమ్మ తెచ్చిన జొన్నరొట్టె తిననిచ్చి,
చెయ్యి కాస్త కుదురుకున్నాక
కొత్త గుర్తులతో ఇంకోసారి.

నా మోడల్‌ది చిన్న సూత్రం.
అనుకున్నదానికీ అయినదానికీ నడుమ ఎడం చూస్తుంది.
ఆ ఎడంలో ఎన్ని పాళ్లు మనసులోకి ఇంకుతాయో కొలుస్తుంది.
ఇంకడం అన్నమాట నాది, పేపర్లో అలా రాయను.
సరేకి ఒక అంకె, తప్పుకి ఒక అంకె.
మాత్ర లేనప్పుడు తప్పు లోపలి పొర దాకా దిగింది,
సరే పైపైనే పారిపోయింది.
మాత్ర పడ్డాక అంతా తలకిందులు:
ప్రతి సరేనీ నేల పీల్చేసుకుంది,
తప్పులన్నీ బండ మీద వాన.

హాస్టల్లో రాత్రి ఆ అంకెలు చూస్తుంటే
నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు.
మర్రిగూడ దిక్కు ఆరు బోర్లు వేశాడు,
ఏ మాత్రా మింగలేదు.
మూడోదాంట్లో రెండించుల నీళ్లు
పదకొండు రోజులు పోశాయి.
తాగితే పళ్లకు గారపట్టే నీళ్లే,
అయినా నీళ్లే.
ఆ పదకొండు రోజుల సరే
తక్కిన అయిదు తప్పుల్నీ తాగేసింది.

బుగ్గయ్య ఆటలో ఒకచోట గీత అతకడం లేదు.
నలభై ఒకటి నుంచి యాభై రెండు దాకా
పన్నెండుసార్లు వరసగా చెడ్డ గుర్తే.
తప్పు, తప్పు, తప్పు, ఒక్క సరే, మళ్లీ తప్పు.
మోడల్ దాన్ని రొద అంటుంది,
చూసీ చూడనట్టు దాటిపోతుంది.
మర్నాడు మందు చీటీకి వచ్చినప్పుడు అడిగాను,
అడగకూడదని తెలిసే.

"గదా," అన్నాడు.
"రాడ్డు దింపినంక నడిమిట్ల ఎట్లాపుతం?
దుమ్ము తెల్లగ లేస్తుంటది.
రైతు బండి దిక్కు చూడడు, నా మొఖం దిక్కు చూస్తడు.
ఇంకో ఇరవై ఫీట్లు అంట.
మల్ల ఇంకో ఇరవై."
మణెమ్మ అందుకుంది:
"ఏడొందలు పోయినంక, అవి ఎవల పైసలో గది గూడ చెప్పు."
ఆయన చెప్పలేదు.

నా పట్టికలో ఆ గడి లేదు.
తెర మీది తప్పుకు ఎవరూ అప్పు కట్టరు.
పొలంలో చెయ్యి ఒకరిది,
తప్పు దిగబడేది ఇంకొకరి ఇంట్లో.
దానికి అంకె ఎట్లా వేయాలని మా సారునడిగితే
ముందు శాంపిల్ పెంచమన్నారు.

పోయేముందు చాయ్ తెప్పించాను.
ఆయన బల్ల మీద చెయ్యి ఆనించాడు.
రెండు గ్లాసుల్లోనూ సుడులు లేచి
అంచుల దాకా పోయి, తిరిగి నడిమికొచ్చాయి.
"నీ బల్ల కింద నీళ్లున్నయి బిడ్డా," అన్నాడు,
"నూటయాభైకే పడతయి."

రెండో అంతస్తు. కింద మందుల గోదాం,
దాని కింద సిమెంటు.
ఏదో ఒకటి అంటానని నా మొఖం దిక్కే చూస్తున్నాడు.
నేను చాయ్ తాగాను.