నాలుగు వేళ్ల తేడా

అచ్చుయంత్రం బరువు ఆరొందల కిలోలు.
అది తప్ప నాకు ఆస్తి లేదు.
చామరాజపేటలో అది నిలబడ్డ గదికి
ఈ ఏడు మూడోసారి బాడిగ పెంచారు.
కింద కాగితాల గోదాము తీసేసి
పిల్లుల్ని నిమురుతూ కాఫీ తాగే అంగడి పెడతారట.

అందుకే విజయపుర బస్సెక్కాం ముగ్గురం:
కుండలు చేసే కల్పవల్లి,
ఒకప్పుడు సినిమా బోర్డులు రాసిన ఇమ్మానుయేలు,
రాగిరేకుల మీద గీతలు గీసే నేను.
దేవనహళ్లి దాటేలోగా
బస్సులోనే ఊరు కట్టేశాం.
ఇక్కడ బట్టీ, అక్కడ అచ్చుగది,
నడుమ అందరం కలిసి తినే పొడుగాటి బల్ల,
ఆదివారం పిల్లలకు బొమ్మలు నేర్పడం.
ఉత్తరం కిటికీ నాదని నేను,
పొగగొట్టానికి అడ్డు చెప్పొద్దని ఆమె.
ఇమ్మానుయేలు ఒక్కటే అడిగాడు:
"ఆ ఊళ్లో చేపలు దొరుకుతాయా?"

దిగగానే టీ అంగడతను
"సైట్లు చూడ్డానికి వచ్చినారా సార్?
ఎయిర్‌పోర్టు తట్టు గుంట ఎంత పలుకుతాందో తెలుసునా?"
మేం అలాంటివాళ్లం కామని చెప్పాం.
అందరూ అట్లే అంటారన్నట్టు
గ్లాసులు కడుక్కున్నాడు.

పట్టు తీసే షెడ్డు, ఆగి మూడేళ్లట.
ముక్తియార్ సాబు తాళం తీస్తే
ముందుగా వాసన బయటికొచ్చింది,
ఉడికిన పురుగుల వాసన,
సున్నం కింద ఇన్నాళ్లూ దాక్కున్నది.
కల్పవల్లి కొంగు ముక్కు దాకా తెచ్చి
ఆయన చూస్తున్నాడని
నుదురు తుడుచుకుంది.

పక్క షెడ్డు ఇంకా నడుస్తోంది.
ఆవిరిలో ఒకావిడ, పేరు దిల్షాద్,
మరిగే తొట్టిలో వేళ్లు ముంచి
తేలే గూళ్లలోంచి
కంటికి ఆనని కొసనొకదాన్ని లాగింది.
ఇరవై ఏళ్లుగా రాగి మీద సూదితో
నేను వెతుకుతున్నది అంత సన్నని గీతనే.
ఆ మాట ఆమెతో అనలేదు.
నాని, తెల్లబడి, గీతలు చెరిగిన వేళ్లు చూపించి
"ఆధార్ మిషను నన్ను పట్టదమ్మా" అని నవ్వింది,
"రేషనుకు పోతే నా వేలు నాది కాదంటుంది."
అచ్చులు వేసి బతికేదాన్ని,
నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

తలమీద విమానం పోయింది.
రేకులు వణికి ఆగాయి.
"నిశ్శబ్దం కావాలంటిరే ఫోన్లో" అన్నాడు సాబు,
"ఏడు నిమిషాలకొకటి పోతుంది.
నడుమ ఉంటుంది చూడండి, మీరడిగింది."

బాడిగ చెప్పాడు. మాకు చవకే.
మేం తలూపిన వేగం చూసి
పక్కన చరకా బాడిగకు తిప్పే కుర్రాడు
మా వైపు ఒక చూపు చూశాడు.
ఆ చూపు నాకు తెలుసు.
పిల్లుల అంగడివాళ్లు మా మెట్ల కింద
కొలతలు తీసుకున్న రోజు
నేను చూసిందీ అదే.

టేపు మరిచిపోయి వచ్చాం.
యంత్రం వెడల్పు నా ఒంటికి తెలుసు,
నా బారకు ఒక జాన తక్కువ.
చున్నీ పట్టి వాకిలి కొలిచి
అందిన చోట ముడి వేశాను.
నాలుగు వేళ్లు చాలలేదు.

సాబు వెనక గోడ దగ్గరికి పిలిచాడు.
బాయిలరు అమ్మిన రోజు
ఆ గోడ పగలగొట్టి తీశారట.
తిరిగి పేర్చిన ఇటుకల మధ్య
సిమెంటు లేదు.
"ఎందుకు పెట్టలేదు?"
"మళ్లీ కొంటానేమోనని."
మడమతో నేల తట్టాడు.
"మోస్తుంది లెండి. టన్నున్నర మోసింది."

తిరుగు బస్సులో ఎవరమూ ఊరు కట్టలేదు.
ఇమ్మానుయేలు నిద్రపోయాడు,
ఒళ్లో ఎండుచేపల పొట్లం.
హెబ్బాళ దగ్గర అన్నీ ఆగిపోయాక
చున్నీ ముడి విప్పబోయాను.
ఎప్పుడు బిగిసిందో, రాలేదు.
గోళ్లతో కొస వెతుకుతూ కూర్చున్నాను.
సిగ్నలు రెండుసార్లు పచ్చబడింది.
బస్సు కదల్లేదు.