మూడంగుళాల కింద

చిత్తూరులో, మురకంబట్టు దాటినాక
మామిడి గుజ్జు కంపెనీవాళ్ల కొత్త ఆఫీసు.
పై అంతస్తు శ్లాబు మీద ఇంకా ఏమీ లేదు,
గాలి, కాకి రెట్టలు, రాత్రి వాన నిలిచిన చిన్న మడుగు.
జాజులో ముంచిన దారం
ఆ చివర యుగంధరు పట్టుకున్నాడు,
ఈ చివర నేను.
మీటి వదిలితే
టప్పున ఒక ఎర్ర గీత.

ఇక్కడ ఎవరో కూచుంటారు.
ఎవరో నాకు తెలీదు.
వాళ్ల కాళ్ల దగ్గర ఒక డబ్బా మూత తెరుచుకోవాలి,
కుర్చీ చక్రం దాని మీదికి ఎక్కకూడదు,
తుడిచే మనిషి బకెట్టు నీళ్లు దాంట్లోకి దిగకూడదు.
"బల్లలు యాడేస్తారు సార్?" అంటే
ఓనరు నవ్వినాడు.
"ముందు నేల కానీబ్బా, బల్లలదేముండాది!"
ఉండాదంతా దాంట్లోనే ఉండాది సార్.

మట్టానికి మిగిలింది మూడంగుళాలు.
రెండు నాకు, ఒకటి కుప్పయ్య మేస్త్రీ కాంక్రీటుకు.
ఆయన రెండు కావాలంటాడు,
పలచగా పోస్తే నెర్రెలిస్తుంది, నా పేరు పోతుందంటాడు.
నా పేరు ఎట్లాగూ పైకి కనపడదు కదా మేస్త్రీ, అన్నాను.
టీ తాగి, బీడీ ముట్టించి,
చాలాసేపటికి
అరంగుళం ఇచ్చినాడు.

కరెంటునూ డేటానూ ఒకే గొట్టంలో తొయ్యొద్దురా యుగంధరా.
కరెంటు గొణుగుతుంది. మనకు వినపడదు,
పక్కన పొయ్యే సన్న తీగకు వినపడుతుంది.
జానెడు ఎడం పెట్టు.
దాటక తప్పకపోతే అడ్డంగా దాటించు,
గేటు దగ్గర ఎద్దులబండి పట్టాలు దాటినట్టు.
పట్టాల వెంబడి తోలితే ఏమవుతుందో తెలుసు కదా.
మలుపులో మోచెయ్యి పెట్టొద్దు,
కుండ బుజమంత వంపు ఇయ్యి.
సగం నింపి ఆపు.
"మిగతా సగం అన్నా?"
అది మనది కాదు.

తిరపతిలో, లీలామహల్ సెంటరు పక్క సందులో
ఒక స్కానింగు సెంటరుకు
నేను మిగల్చలేదు.
నాలుగు గొట్టాలు చాలని లెక్క కట్టినాను,
లెక్క తగ్గితేనే పని దొరికే రోజులవి.
రెండేండ్లకు ఫోనొచ్చింది.
పోయి చూస్తే నల్ల గ్రానైటును మిషనుతో కోస్తా ఉండారు.
గదంతా తెల్ల దుమ్ము.
మూతికి కొంగులు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని
బెంచీ మీద వరసగా రోగులు.
నా మొహం చూసి
ఒక పెద్దాయన జరిగి చోటిచ్చినాడు.
కూచున్నాను.

అందుకే ఇక్కడ రెండు గొట్టాలు ఊరికే పొయినాయి.
పాలకవరు ముక్కకు దారం కట్టి
ఆ చివర వాక్యూం పెడితే
పిల్లోడు సందులో ఉరికినట్టు ఉరికింది కవరు.
దారం వెనక తీగ.
తీగను రెండు కొసలా మడిచి
గొట్టం మూతులకు సిమెంటు సంచి గుడ్డ కుక్కినాము.

కాంక్రీటు పోసే రోజు
టేపు పరిచి, గొట్టం గొట్టానికీ ఫోటో తీసినాడు యుగంధరు.
బొచ్చె నెత్తిన పెట్టుకున్న కన్నెమ్మ
ఒక్క గొట్టాన్నీ దాటలేదు,
పండుకున్న బిడ్డను దాటకూడదన్నట్టు
చుట్టూ తిరిగి పోయింది ప్రతిసారీ.
మధ్యాన్నానికి అంతా మూసుకుపోయింది.
ఎర్ర గీతలు కూడా.

బల్లలొచ్చినాయి.
ఇరవైరెండు సరిగ్గా కూచున్నాయి,
ఇరవైమూడోది ఎకౌంట్సు అమ్మాయిది.
పడమటెండ కండ్లలో కొడతా ఉందని
స్తంభం పక్కకు జరుపుకునింది.
డబ్బా అక్కడే ఉండిపోయింది, ఆరడుగుల దూరంలో.
ఓనరు నన్ను చూసినాడు,
నేను బీరువా తలుపు లోపల అంటించిన పటం చూసినాను.

స్తంభం మొదట్లో ఒక చిన్న మూత.
గుడ్డ పీకి, తీగ కొస పట్టుకున్నాను.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
మా పనిలో
తీగ లాగితే ఏమీ కదలకూడదు.
నేల కదలకూడదు, పలక కదలకూడదు,
ఆ అమ్మాయి బల్ల మీద గ్లాసులో టీ
కదలకూడదు.

"లాగేదా అన్నా?" అన్నాడు యుగంధరు, ఆ చివర నుంచి.