పొడి

మా బాపు బోరు బండి మీద రాడ్లు మార్చేటోడు.
ఒక్క రాడ్డు దిగితే ఇరవై అడుగులు.
రాడ్డుకో దోసెడు పొడి పక్కన కుప్ప పోసేటోడు:
ముందు ఎర్రది, తర్వాత మొరం, తర్వాత బూడిద రంగుది,
ఇగ ఆ తర్వాత అన్నీ తెలుపే.
కుప్పలు లెక్కపెట్టుడు నా పని.

చందంపేట దాపున భిక్షమయ్య చెల్కల
ముప్పై రెండో కుప్ప దాకా లెక్కపెట్టిన.
ముప్పై రెండూ పొడే.
భిక్షమయ్య ఏమనలేదు.
ఆఖరి కుప్పల చెయ్యి పెట్టి
సల్లగున్నదా అని చూసిండు.

తొమ్మిదో తరగతిల ఖలీల్ సారు
పాత బావిలకు రాయి వేయించి
చప్పుడు వచ్చేదాకా పట్టిన కాలంతోని
లోతు కట్టించిండు.
ఎండిన బావి, ఠప్ మన్నది.
నీళ్లుంటే లెక్క మారుతుండెనా సార్, అని అడిగిన.
"కాలం అదే. చప్పుడే వేరు."
ఆ ఒక్క మాట పట్టుకొని
నల్లగొండ బస్సెక్కిన, ఆ తర్వాత ఇంకెన్నో ఎక్కిన.

ఇప్పుడు నా బల్ల మీద
నల్లమల గుహల చుక్క చుక్కగ పెరిగిన
మూరెడు సున్నపురాయి, నిలువునా కోసింది.
పండ్ల డాక్టరు డ్రిల్లు తోనే
అర మిల్లీమీటరుకో చిటికెడు పొడి తీస్త.
చిన్న సీసాలు, మీద నంబర్లు, వరుసగ.
మళ్లా కుప్పలే.
మిషను ఆ పొడిలోని ఆక్సిజన్ను తూచి
తేలికదెంతో బరువుదెంతో చెప్తది.
వానలు దండిగ పడ్డ కాలంల తేలికది ఎక్కువ.
బరువుదెక్కిందంటే కరువే.

మూడు వందల పన్నెండో సీసా కాడ
గీత పైకి లేచింది.
పదహారు సీసాల దాకా దిగలేదు.
అంటే డెబ్బై ఏండ్లు.
ఎవలెవలు ఏ మట్టిల చెయ్యి పెట్టి చూసుకున్నరో
రాయి చెప్పదు.
ఆ రోజు టిఫిన్ డబ్బా విప్పలేదు.

బాపు ఫోన్ల అడుగుతడు:
"ఎంత లోతు పోయినవ్ బిడ్డా?"
"నాలుగు వేల ఏండ్లు, బాపూ."
కొంచెం సేపు ఆగి,
"నీళ్లు పడ్డయా?"

ల్యాబుల ఫొటో దిగేటప్పుడు
నోరు మూసుకొనే నవ్వుత.
మర్రిగూడ నీళ్లు తాగిన పండ్లు,
అడ్డంగ గోధుమ రంగు చారలు.
మొన్న అద్దంల వాటికీ వయసు కట్టి చూసిన:
మూడో ఏడు, నాలుగో ఏడు,
నడుమ సన్నగ ఒక తెల్ల గీత.

అమ్మకు ఫోన్ చేసిన.
"ఆ యేడు వానలు మంచిగ పడ్డయి,
కుంట నిండింది. బోరు నీళ్లు ముట్టలే" అన్నది.

నోటుబుక్కుల రాసుకున్న,
సీసా నంబరు వెయ్యకుండ.